ఆదిమ క్రైస్తవసంఘమున శ్రవణోపదేశము

క్రైస్తవ మతసిద్ధాంతములను, ఆ మతసంఘముల ప్రాచీనచరిత్రమును నేర్వగోరువారిలో ననేకులు నేడు గ్రంథము చేతబట్టుటకు ముందే చెవి యొగ్గుచున్నారు. ప్రసంగమును శబ్దరూపమున భద్రపఱచి వరుసగా వెలువరింపగా, శ్రోతలు తమకు వీలైనపుడు చేతిలోని యంత్రమున వినెడు పద్ధతికి 2004 లో పాడ్‌కాస్టు అను పేరు వచ్చినది. 2021 జనవరి 1 వ తేదీన అమెరికాదేశమున నారంభమైన ‘బైబిల్ ఇన్ ఎ యియర్’ అను వరుసలో మైక్ ష్మిట్జ్ అను కేథలిక్ గురువు బైబిలునంతటిని 365 భాగములుగా జదివి వ్యాఖ్యానించెను. 2005 లో నేర్పడిన లిబ్రివాక్స్ అను సంస్థకు జేరిన స్వచ్ఛందపాఠకులు అగస్టీను ఆత్మకథవంటి పూర్వగ్రంథముల యనువాదములను బిగ్గరగా జదివి యెల్లరకు నుచితముగా నుంచిరి. నైసియా మహాసభ, త్రిత్వవాదము, పరస్పరవిరుద్ధములైన మతశాఖల పుట్టుక మొదలైన కఠినవిషయములు సయితము ప్రయాణము చేయుచు, వంట చేయుచు వినదగినవైనవి.

ఇట్లు విన్నమాత్రమున గలిగిన తెలివి విద్య యగునా యను శంక పుట్టుట సహజము. దానికి సమాధానము ఆ చరిత్రయందే కలదు. మొదటి నాలుగైదు శతాబ్దులలో క్రైస్తవసంఘము తన సిద్ధాంతమును ప్రధానముగా చెవిద్వారముననే నేర్పినది. ఎట్లు నేర్పినది, ఆ శ్రవణమున కే కట్టుబాట్లు చేర్చినది, అవి లేనిచోట నేమి జరిగినది యనునవి విచారింపదగియున్నవి.

సజీవవాణి

క్రైస్తవదీక్షకు ముందు జరుగు బోధకు గ్రీకుభాషలో కాటేఖేసిస్ అని పేరు. చెవిలో మ్రోగునట్లు పలుకుట యని దాని మూలధాతువున కర్థము. అట్టి బోధ వినుచు బాప్తిస్మమున కెదురుచూచువారిని ఉపదేశార్థు లనవచ్చును. విశ్వాసమునకు వినికిడియే మూలమని అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖలో చెప్పియున్నాడు. వేదమునకు శ్రుతి యని పేరిడిన దేశమువారి కీ భావము వింత కాదు.

రెండవ శతాబ్దారంభమున ఫ్రిగియాలోని హీరాపొలిసు పట్టణమునకు బిషప్పుగా నుండిన పాపియసు, ప్రభువాక్యములను గూర్చి యైదు భాగముల గ్రంథము రచించెను. అది నేడు లభింపదు. ఖండములు మాత్రము ఇతరుల గ్రంథములలో నిలిచినవి. పెద్దల ననుసరించినవా డెవడైన దన యూరికి వచ్చినపుడు, అపొస్తలు లేమనిరో యని వాని నడిగి తెలిసికొనుచుంటి ననియు, పుస్తకములవలన గలుగు లాభముకంటె బ్రతికియున్న వాణివలన గలుగు లాభ మెక్కువయని తన తలంపనియు నాతడు వ్రాసినట్లు యూసేబియసు తన సంఘచరిత్రలో నుద్ధరించినాడు. వ్రాతకంటె వాక్కునకు విలువ నిచ్చిన యీతని మాట వ్రాతవలననే మనదాక వచ్చుట గమనింపదగినది.

పాపియసు సమకాలికుడైన పాలికార్పు స్ముర్నా సంఘమునకు బిషప్పు. ఆతడు అపొస్తలుడైన యోహాను ముఖమున వినినవాడని ఐరీనియసు సాక్ష్యము. పాలికార్పు సుమారు 155 లో హతసాక్షి యయ్యెను. బాల్యమున ఆతని బోధ విన్న ఐరీనియసు తరువాతికాలమున గాలుదేశములోని లియోన్ నగరమునకు బిషప్పయి, తనతోపాటు చిన్ననాడు పాలికార్పు నొద్ద నుండి పిదప దారి తప్పిన ఫ్లోరినసునకు లేఖ వ్రాసెను. గురువు కూర్చుండు చోటు, ఆతని నడక, ఆకారము, ప్రజలతో పలికిన తీరు, ప్రభువును జూచినవారిని గూర్చి చెప్పిన సంగతులు తన కిప్పటికిని మఱపు రాలేదనియు, వానిని కాగితముపై గాక హృదయమున వ్రాసికొంటిననియు నందు దెలిపెను. యోహాను, పాలికార్పు, ఐరీనియసు అను నీ మువ్వురితో నొక గురుపరంపర యేర్పడుచున్నది. ఆ లేఖ యొక్క ప్రయోజనము మాత్రము జ్ఞాపకము పాడుట కాదు. ఒకే గురువునొద్ద వినిన యిరువురిలో నొకడు తప్పినపుడు, ‘నీవును వింటివి గదా, నీ నేటి మత మాతడు విన్నచో నేమనును?’ అని ప్రశ్నించుటయే యాతని యుద్దేశము. వినికిడికి సాక్షి మఱియొక శ్రోత. ఇది మొదటి కట్టుబాటు.

గ్రంథము సంఘమున లేకపోలేదు. సుమారు 155 లో జస్టిను అంటోనైనసు పయసు చక్రవర్తికి సమర్పించిన విజ్ఞాపనమున, ఆదివారపు సమావేశములలో అపొస్తలుల స్మృతులుగాని ప్రవక్తల వ్రాతలుగాని కాలమున్నంతవఱకు జదువబడుననియు, పాఠకుడు విరమించిన పిదప అధ్యక్షుడు హితోపదేశము చేయుననియు వర్ణించినాడు. వ్రాతప్రతులు వెలగలవియై, చదువనేర్చినవారు కొలదిగా నున్న యా దినములలో పెక్కుమందికి గ్రంథ మనగా నొకడు చదువగా తాము వినునది. మూలపఠనము ముందు, వ్యాఖ్యానము వెనుక. ఈ క్రమము రెండవ కట్టుబాటు.

ఓరిజెను, శీఘ్రలేఖకులు

రెండవ శతాబ్దము చివర ఐగుప్తుదేశపు అలెగ్జాండ్రియా నగరమున నుపదేశశాల ప్రసిద్ధి కెక్కెను. అందలి యాచార్యుడగు పంటేనసు ఇండియాకు వెళ్ళెనని యూసేబియసు వ్రాసెను. ఆ కాలపు రచయితలు దక్షిణ అరేబియా మొదలగు దేశములను గూడ ఇండియా యనుటచే అది భరతఖండమే యని నిశ్చయింప రాదు. చరిత్రకారు డిచ్చట ‘అందురు’ అను మాటతో వినికిడిని వినికిడిగానే యుంచినాడు. ప్రమాణమునకును, వాడుకకును భేదము పాటించినాడు.

ఓరిజెను పదునెనిమిదేండ్ల వయస్సుననే యా శాలయందు బోధకుడయ్యెను. శిష్యులు పెరుగగా, నూతనులను హెరక్లాసునకు నప్పగించి, ముదిరిన విద్యార్థులను దానుంచుకొనెను. అందఱికి నొకే పాఠ మనువడదని యాతడు గ్రహించెను. అంబ్రోసు అను ధనికు డాతనికి పోషకుడు. ఏడుగురికి మించిన శీఘ్రలేఖకులను, అంతమంది ప్రతిలేఖకులను, అందముగా వ్రాయనేర్చిన బాలికలను సమకూర్చెను. ఓరిజెను చెప్పుచుండ వారు వంతులు మారుచు వ్రాసికొనుచుండిరి. ఇంత పరివార మున్నను, సంఘమున దాను చేయు ప్రసంగములను మాత్ర మాతడు వ్రాసికొననీయలేదు. అఱువదియేండ్లు దాటి, దీర్ఘాభ్యాసమున దన వాక్కు పరిపక్వమైన పిదపనే యందుల కంగీకరించెనని యూసేబియసు చెప్పుచున్నాడు. గ్రంథమును తిరిగి దిద్దవచ్చును. సభలో నోటినుండి వెడలిన మాట వ్రాతలో నిలిచినచో దానికి బాధ్యు డెవడు? ఈ యెఱుక ఓరిజెనునకు గలదు.

ఆ లేఖకుల శ్రమ వృథ కాలేదు. ఓరిజెను మరణానంతరము ఆతని యభిప్రాయములు కొన్ని నిషేధింపబడగా గ్రీకుమూలము లనేకము నశించి, పెక్కు ప్రసంగములు రూఫినసు, జెరోములు చేసిన లాటిను అనువాదములందే మిగిలెను. 2012 లో మ్యూనిక్ నగర గ్రంథాలయమునందలి గ్రీకు వ్రాతప్రతిని పరీక్షించుచు మరీనా మోలిన్ ప్రదెల్ అను విదుషి, కీర్తనల గ్రంథముపై ఓరిజెను చేసిన 29 ప్రసంగములను గుర్తించెను. మూడవ శతాబ్దమున సభలో బలికిన వాక్కు దాదాపు 1750 సంవత్సరముల పిమ్మట మూలభాషలో మరల లభించినది.

యెరూషలేములోని బోధ

శ్రవణోపదేశ మెంత కట్టుదిట్టముగా జరిగెనో నాలుగవ శతాబ్దపు యెరూషలేమునుబట్టి చక్కగా దెలియును. సుమారు 350 లో సిరిలు అచ్చట కాన్‌స్టంటైను కట్టించిన మందిరమున బాప్తిస్మార్థులకు జేసిన ఉపోద్ఘాతమును, 18 ఉపన్యాసములును లభించుచున్నవి. బాప్తిస్మానంతరము సంస్కారరహస్యములను విప్పిచెప్పు మఱి యయిదు ఉపన్యాసములు సిరిలువో, ఆతని పిమ్మట వచ్చిన యోహానువో యను వివాదము గలదు.

సామాన్య ప్రసంగము నేడు తప్పినను రేపు వినవచ్చును గాని, యీ పాఠము లట్టివి కావని సిరిలు ముందే హెచ్చరించెను. ఇల్లు కట్టువాడు రాయిపై రాయి వరుసగా బేర్చి బంధింపనిచో గోడ నిలువనట్లు, నడుమ నొక పాఠము విడిచినవానికి బోధ నిలువదని యాతని వాదము. విశ్వాసప్రమాణమును కాగితమున వ్రాసికొనక జ్ఞాపకమున జెక్కుకొనుడనియు నాజ్ఞాపించెను. తాము విన్నది బయటివారికి జెప్పరాదనియు నియమ ముండెను. వ్రాతప్రతులలో ఉపోద్ఘాతము చివర నొక సూచన గలదు: ఈ బోధలను బాప్తిస్మమునకు సిద్ధమైనవారికిని, పొందినవారికిని చదువనీయవచ్చును గాని యితరుల కీయరాదు. తిరుక్కోట్టియూరు గోపుర మెక్కి రామానుజులు గురువు రహస్యముగా నొసగిన మంత్రార్థమును జనుల కెల్ల జాటెనను వైష్ణవ గురుపరంపరాకథ నెఱిగినవారికి ఈ గోప్యతలోని బలమును, దానిపై గలుగు నాక్షేపణమును తెలియనివి కావు.

సిరిలు కాలమునకు జివర, 381 - 384 సంవత్సరములలో, పడమటి దేశములనుండి వచ్చిన ఎగేరియా అను యాత్రికురాలు తా జూచినదానిని దన సోదరీమణులకు వ్రాసెను. ఆమె యాత్రావృత్తాంతపు ప్రతి 1884 లో ఇటలీదేశపు అరెజ్జోలో బయల్పడినది. అందుబట్టి చూడగా, బాప్తిస్మమునకు బేరు వ్రాయించుకొనువాని నడవడిని గూర్చి బిషప్పు ఇరుగుపొరుగువారి నడుగును. ఈస్టరునకు ముందటి దినములలో ప్రతియుదయము మూడుగంటలసేపు బోధ జరుగును. ఆదికాండమునుండి గ్రంథమంతటికి మొదట శబ్దార్థము, పిదప ఆధ్యాత్మికార్థము వివరింపబడును. అయిదువారములైన పిమ్మట విశ్వాసప్రమాణ ముపదేశించి, దానికిని వాక్యవాక్యమున నర్థము చెప్పుదురు. తుదకు ఒక్కొక్కరు బిషప్పు నెదుట నిలిచి దానిని దిరిగి యప్పగింపవలెను. బిషప్పు గ్రీకున బలుకగా, సమీపమున నిలిచిన పెద్ద సిరియభాషలో జెప్పును; ఆ రెండును రాని లాటినువారికి రెండు భాష లెఱిగిన సోదరులు వివరింతురు. సంస్కారరహస్యములు విప్పినపుడు శ్రోతల హర్షధ్వనులు మందిరము వెలుపలికి వినబడునని యామె వ్రాసినది.

పాఠము నప్పగించుట యనునది తెలుగుపంతులకు గ్రొత్త కాదు. వీధిబడిలో పద్యమును చెప్పించుకొనుట, మఱునాడు నప్పగించుట యెట్టివో, యెరూషలేమున ప్రమాణమును గైకొనుట, అప్పగించుట యట్టివే. విన్నది తన నోట మరల బలుకునంతవఱకు వినుట పూర్తికాదు. ఇది మూడవ కట్టుబాటు; కడమవానికంటె ముఖ్యమైనది.

అగస్టీను: శ్రోత, బోధకుడు

ఒక శ్రోత యనుభవమును అగస్టీను తన ఆత్మకథలో జెప్పినంత విశదముగా ఆ కాలమున మఱి యెవ్వరును జెప్పలేదు. 384 లో మిలాను నగరమునకు అలంకారశాస్త్రోపాధ్యాయుడుగా వచ్చిన యాతడు, బిషప్పు అంబ్రోసు వాగ్ధాటిని బరీక్షింపవలెనని వినబోయెను. విషయమున కాతనికి మొదట నాదరము లేదు. కాని, మాట నాస్వాదించుచుండగా నర్థమును వెంట జొచ్చెను. పూర్వనిబంధనము హాస్యాస్పదమను తలపు క్రమముగా సడలెను.

అయినను ప్రసంగముతో నాతని సంశయములు తీరలేదు. అంబ్రోసు నేకాంతమున నడుగదలచి పోగా, పనులమీద వచ్చిన జనులు చుట్టుముట్టియుందురు. వారు లేనపుడు బిషప్పు పెదవి కదల్పక చూపుతోనే గ్రంథము చదువుకొనుచుండును. బిగ్గరగా జదువుట వాడుకయైన యా కాలమున నది విశేషముగా దోపగా, అగస్టీను మౌనముగా గొంతసేపు గూర్చుండి లేచిపోవుచుండెను. ప్రతి యాదివారమును వినిన గురువు నొక్క ప్రశ్న యడుగుట కవకాశము దొరకదయ్యెను. తుదకు సింప్లిషియను అను వృద్ధు నాశ్రయించి తన కలత నంతయు జెప్పుకొనెను. రోమునగరమున ప్రసిద్ధ పండితుడైన విక్టోరినసు, రహస్యముగా ప్రమాణము చెప్ప ననుమతించినను నిరాకరించి, జనులెల్ల జూచునట్లు ఉన్నతస్థానమున నిలిచి యప్పగించిన వృత్తాంతము నాతడు చెప్పెను. అగస్టీను 387 లో ఈస్టరు రాత్రి అంబ్రోసుచేత బాప్తిస్మము పొందెను. సభలో వినిన వాక్కు బీజము నాటినది. ప్రశ్న విని ప్రత్యుత్తర మిచ్చినవాడు నీరు పోసినాడు.

ఈ యనుభవము తరువాత బోధకుడైన అగస్టీనునకు బనికివచ్చెను. సుమారు 400 లో, కార్తేజు నగరపు డీకను దియోగ్రాతియసు తన బోధ తనకే విసుగు పుట్టించుచున్నదని మొఱపెట్టుకొనగా, అగస్టీను నూతనులకు జేయవలసిన బోధను గూర్చి చిన్నగ్రంథము వ్రాసియిచ్చెను. అందలి సూచనలు మిక్కిలి లౌకికములు. చదువుకొన్నవాడు వచ్చినచో మొదట వాడే గ్రంథములు చదివెనో యడుగవలెను. శ్రోత యావులించినచో మాట మార్చి యుల్లాసపఱపవలెను; నిలిచి యలసినచో గూర్చుండ బీట వేయవలెను. వానికి దెలిసినదో లేదో ప్రశ్నించి కనుగొనవలెను. తెలిసిన చోటులనే క్రొత్తవారికి జూపునపుడు మనకును అవి క్రొత్తవగునట్లు, శ్రోతపై బ్రేమయున్నచో బాతపాఠమును బాతదిగా నుండదు. ఈ గ్రంథములో గురువు కన్ను లెల్లప్పుడు శిష్యుని ముఖముమీదనే యున్నవి.

పాటలు, అంగడివాదములు

కట్టుబాట్లు లేని వినికిడియు నా శతాబ్దముననే ప్రబలెను. కుమారుడు తండ్రివలె నాద్యంతరహితుడు కాడని వాదించిన ఏరియసు తన మతమును థలియా యను పద్యరచనయం దిమిడ్చెను. నావికులకు, తిరుగలి విసరువారికి, బాటసారులకు దగిన పాటలను గూడ నాతడు రచించెనని ఆతని పక్షమున కనుకూలుడైన ఫిలొస్టోర్జియసే చెప్పినాడు. 325 లో నైసియా సభ ఏరియసు మతమును ద్రోసివేసినను, పాట నోటనుండి నోటికి బోవుట నాపుట యే సభకును శక్యము కాదు. సిరియభాషయం దట్లే బార్దైసాను పాటలు వ్యాపింపగా, ఎఫ్రేము వాని కెదురుగా తన సిద్ధాంతమును గీతములుగా గట్టి, ఎదెస్సా నగరమున స్త్రీల బృందములచే బాడించెను. 373 లో మృతుడైన యీ కవి గీతములు సిరియసంప్రదాయపు ఆరాధనలతోపాటు కేరళదేశపు క్రైస్తవుల వఱకు వచ్చినవి. తెలుగునాట పురుషోత్తమ చౌదరి (1803 - 1890) రాగతాళములతో రచించిన కీర్తనలు అక్షరము రానివారికి సయితము సిద్ధాంతమును గంఠస్థము చేయించుట ఈ మార్గమునకు జేరినదే.

పాట సిద్ధాంతమును నిలుపును గాని విచారింపనేర్పదు. 383 లో కాన్‌స్టాంటినోపులున బ్రసంగించుచు నిస్సా బిషప్పగు గ్రెగొరీ నగరస్థితిని నిందించెను. నాణెములు మార్చువానిని, రొట్టె లమ్మువానిని, స్నానశాల సేవకుని ఏమడిగినను వారు తమ పని విడిచి కుమారుని యుత్పత్తిని గూర్చియే వాదమునకు దిగుచుండిరట. వారు మందబుద్ధులు కారు. వారి చెవిని బడిన మాటలు సత్యముగా సభలలో నడచిన మాటలే. కాని యా మాటల కాధారమైన గ్రంథభాగమును వారు వరుసగా వినలేదు. విన్నదాని నొకని కప్పగింపలేదు. తప్పు పలికినపుడు దిద్దు గురువు లేడు. పరిభాష వచ్చినది, పరిజ్ఞానము రాలేదు.

నేటి శ్రోత

ఈ చరిత్రతో సరిచూచినచో నేటి పాడ్‌కాస్టును నిందించుటకును, పొగడుటకును గారణము లున్నవి. చెవితో నేర్చుట హీనమను మాట నిలువదు. ఐరీనియసు, అగస్టీనులు చెవితో నేర్చినవారే. సిరిలు శ్రోతలకు లేని సౌకర్యము నేటి శ్రోతకు గలదు. తప్పిన పాఠమును మరల వినవచ్చును, అర్థము కాని వాక్యమును బదిసార్లు వినవచ్చును. యెరూషలేమున బాప్తిస్మార్థులకే పరిమితమైన బోధ నేడు ఏ మతమువానికైనను, మతము లేనివానికైనను వినబడును. చరిత్రపరిశోధకున కిది గొప్ప లాభము. మూలమును వరుసగా జదివి వ్యాఖ్యానించు వరుసలు జస్టిను వర్ణించిన క్రమమునే పాటించుచున్నవి.

లోపము మఱియొకచోట నున్నది. యంత్రమునుండి వచ్చు వాక్కు శ్రోత ముఖము జూడదు. వాడావులించుట దానికి దెలియదు. వాడు తప్పుగా గ్రహించినది వినదు. అప్పగింపు మని యడుగదు. ఇష్టమైన భాగములను ముందు వెనుకలుగా విని, సిరిలు చెప్పిన గోడలో నడిమి రాళ్ళను వదలివేయుట సులభము. ఓరిజెను అఱువదియేండ్లు వేచిన పనిని నే డెవడైనను మొదటిదినముననే చేయవచ్చును. కావున శ్రోత వక్త యోగ్యతను విచారింపవలెను, ఐరీనియసువలె నితర శ్రోతలతోను, యూసేబియసువలె నాధారములతోను సరిచూచుకొనవలెను. పూర్వము సంఘము మోసిన యీ భారము నేడు శ్రోతమీద బడినది. వినినదానిని గ్రంథముతో బోల్చువాడు, తన మాటలలో నొకరికి మరల జెప్పువాడు, సింప్లిషియనువంటి పెద్ద నొకని వెదకి సంశయ మడుగువాడు నేర్చినవాడగును. కడమవారికి గ్రెగొరీ జూచిన యంగడియే గతి.

అపొస్తలుల కార్యముల యెనిమిదవ యధ్యాయమున, రథములో గూర్చుండి యెషయా గ్రంథమును బిగ్గరగా జదువుకొనుచు బోవు ఇథియోపియా యధికారి కథ గలదు. ఆతనికి గ్రంథము గలదు, పఠనము గలదు, తన స్వరము తన చెవికి వినబడుచునే యున్నది. ఫిలిప్పు పరుగున వచ్చి, చదువుచున్నది తెలియుచున్నదా యని యడిగెను. అధికారి తెలియదని యొప్పుకొని, ఆతనిని రథమెక్కించుకొని ప్రక్కను గూర్చుండబెట్టుకొనెను. బోధ యా ప్రశ్నతో నారంభమైనది.